కచేరీ దిగ్విజయంగా జరిగినదట!

ప్రభుత్వ సాంస్కృతిక కార్యక్రమాల దస్త్రాలను ఎన్నడైనా తిరగవేసిన వారికి ఒక వాక్యం కంఠస్థమై ఉంటుంది. "కార్యక్రమము దిగ్విజయముగా జరిగినది. ప్రేక్షకులు విశేష సంఖ్యలో పాల్గొని ఆనందించిరి." గాత్ర కచేరీ అయినా అదే వాక్యం, వీణ అయినా అదే, బుర్రకథ అయినా అదే. వాన కురిసి మంటపంలో ఇరవై మంది మిగిలిన నాడూ అదే. విద్వాంసునికి గొంతు పట్టివేసి అరగంటలో లేచిపోయిన నాడూ అదే. ఆ వాక్యాన్ని నేనూ వ్రాశాను. ఒకటి రెండు సార్లు కాదు, కొన్ని వందల సార్లు వ్రాసి ఉంటాను. కనుక ఈ వ్యాసంలో వేయబోయే నిందలో మొదటి వాటా నాదేనని ముందుగా ఒప్పుకొంటున్నాను.

ఒక కచేరీకి సంబంధించిన దస్త్రంలో ఏమేమి ఉంటాయో ఈ పత్రిక పాఠకులలో చాలామందికి తెలుసు. షామియానా బిల్లు ఉంటుంది. శాలువా ఖరీదు, పూలదండల రసీదు, విద్వాంసులకు ఇచ్చిన పారితోషికానికి రెవిన్యూ స్టాంపుతో కూడిన చెల్లు రసీదు ఉంటాయి. జ్యోతి ప్రజ్వలన చేస్తున్న ముఖ్య అతిథి ఛాయాచిత్రం తప్పనిసరిగా ఉంటుంది. ఆయన ప్రసంగ సారాంశం ఒక పుట ఉంటుంది. లేనిది ఒక్కటే. ఆ సాయంకాలం ఆ వేదిక మీద ఏమి పాడారు, ఎట్లా పాడారు, విన్నవారు ఏమనుకొన్నారు అన్నది. ఆడిట్ వారు అడిగేది ఖర్చును గూర్చి. మనం సమాధానం సిద్ధపరచుకొనేది కూడ ఖర్చును గూర్చియే. నూరేళ్ళ తరువాత ఒక చరిత్రకారుడు ఈ దస్త్రాలను తెరిస్తే ఇరవై యొకటవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో తెలుగుదేశంలో ప్రధానంగా షామియానాలు పాడేవని నిర్ధారణకు వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక దస్త్రంలోకి ఎక్కని కచేరీ సంగతి. గోదావరి తీరంలోని ఒక పట్టణంలో పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఒక రాత్రి కచేరీ ముగిసిన పిమ్మట మంటపం బయట టీ దుకాణం వద్ద నిలబడి ఉన్నాను. నా వెంట ఎవరూ లేరు. అధికారిగా కాక శ్రోతగా వెళ్ళాను. పక్కన నలుగురు మాట్లాడుకొంటున్నారు. ఒకరు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. ఒకరు రైల్వేలో పనిచేస్తారు. మూడవ మనిషి ఆ రాత్రి మైకులు పెట్టిన ఎలక్ట్రికల్ దుకాణం యజమాని. నాలుగవ ఆమె సంగీత కళాశాలలో చదివే పిల్ల.

"మాస్టారూ, ఆ కాంభోజిలో పైన నిషాదం దగ్గర ఆయన ఏదో చేశారండీ. ఒళ్ళు జలదరించింది. ఏమిటండీ అది?" అని రైల్వే ఉద్యోగి అడిగాడు.

"కాంభోజికి కైశికి నిషాదం గదా. కాకలి అతిథిగా ఎప్పుడో వస్తుంది. మగసనిపదస అనే సంచారంలో తొంగి చూసి పోతుంది. ఆయన దానిని మూడుసార్లే వాడారు. నాలుగోసారి వస్తుందని మనమంతా కాచుకొని కూర్చుంటే రానీయలేదు. అదీ మీ ఒళ్ళు జలదరించడం," అన్నారు మాస్టారు.

పిల్ల ఊరుకోలేదు. "అదంతా బాగానే ఉంది మాస్టారూ. వయొలిన్ అక్కకు కాంభోజి వాయించడానికి నాలుగు నిమిషాలు కూడ ఇవ్వలేదండీ. ఆవిడ ఇంకా పైస్థాయికి వెళ్ళక ముందే ఈయన గొంతు సవరించుకొన్నారు." మైకుల ఆయన తన బాధ తాను చెప్పుకొన్నాడు. మృదంగం తగ్గించమని గాయకుడు సైగ చేశాడట. తగ్గిస్తే మృదంగం వాయించే వారు కోపంగా చూశారట. పెంచితే మళ్ళీ గాయకుడు చూశాడట. "ఇద్దరి మధ్య నా పని తనియావర్తనమైపోయిందండీ," అన్నాడు. అందరం నవ్వాము. నేను కూడ ఆ సంభాషణలో చేరిపోయినట్లు అప్పుడే గమనించాను.

ఆ అరగంట సంభాషణలో ఆ కచేరీ స్వరూపం మొత్తం ఉన్నది. రాగం ఉన్నది, ఆ రాగంలో ఆ విద్వాంసుని ఔచిత్యం ఉన్నది, సహవాద్యానికి జరిగిన అన్యాయం ఉన్నది, శబ్దగ్రహణంలోని రాజకీయం ఉన్నది. దస్త్రంలో చేరవలసిన దానికంటె ఎక్కువే ఉన్నది. అయినా మన సంస్థల దృష్టిలో అది ఊసుపోక చెప్పుకొనే మాట. నేను వాదించదలచినది ఇదే: కచేరీ విని వచ్చిన వారు ఒకరితో ఒకరు చెప్పుకొనే అనుభవం ఊసుపోక మాట కాదు, సాక్ష్యం. సంగీతానికి మన దేశంలో ఉన్న చరిత్ర అంతా దాదాపు ఈ సాక్ష్యం మీదనే నిలబడి ఉన్నది. దానిని పోగొట్టుకొంటున్నది మాత్రం సంస్కృతి పరిరక్షణకై జీతం తీసుకొంటున్న మనమే.

ఇది అతిశయోక్తి అనిపిస్తే కొంచెం వెనుకకు వెళదాము. తెలుగులో 'క్రీడాభిరామం' ఉన్నది. కర్తృత్వం శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా అన్న వివాదం సాహిత్యజ్ఞులకు వదలివేస్తాను. చరిత్ర విద్యార్థిగా నాకు ముఖ్యమైనది ఆ వీథిలోని ఇతివృత్తం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీథులలో తిరిగి చూచినదాన్నీ విన్నదాన్నీ గూర్చి ముచ్చటించుకొంటారు. అంతే కథ. ఒకచోట ఒకతె ద్రుతతాళంలో వాద్యం మ్రోగిస్తూ ద్విపదలో వీరులను పాడుతుంటే అక్షరమక్షరానికి కుర్రకారు కేకలు పెట్టి ఊగిపోయారని ఉన్నది. తాళగతి తెలిసింది, ఛందస్సు తెలిసింది, వాద్యధ్వని తెలిసింది, వినేవారి ఒడలు ఎట్లా స్పందించినదీ తెలిసింది. కాకతీయుల కాలపు శాసనాలు మనకు వందల కొద్దీ దొరికాయి. దేవాలయాలలో ఆడేవారికీ పాడేవారికీ ఇచ్చిన మాన్యాల లెక్క వాటిలో కనిపిస్తుంది. కాని ఆ నాటి తెలుగు పాట వినబడేది శాసనంలో కాదు; ఇద్దరు మిత్రుల కబుర్లలో.

మరొక ఉదాహరణ మన శాఖల వారికి మరింత దగ్గరిది. దర్గా కులీ ఖాన్ దక్కను కొలువులోని ఉద్యోగి. నిజాముల్‌ముల్క్ అసఫ్‌జా వెంట 1738లో ఢిల్లీకి వెళ్ళి 1741 వరకు అక్కడ ఉన్నాడు. తరువాతి కాలంలో హైదరాబాదులో ప్రసిద్ధికెక్కిన సాలార్‌జంగ్ కుటుంబానికి ఆయన పూర్వికుడు. ఢిల్లీలో ఉన్న ఆ రోజులలోనే, 1739 మార్చిలో, నాదిర్షా సేనలు ఆ నగరంలో సాగించిన సంహారం జరిగింది. ఇటువంటి కాలంలో ఒక ప్రభుత్వోద్యోగి ఏమి వ్రాసుకొంటాడు? సైన్యాల సంఖ్య వ్రాసుకోవచ్చును. పోయిన ధనం లెక్క వ్రాసుకోవచ్చును. దర్గా కులీ ఖాన్ తాను విన్న పాటను గూర్చి వ్రాసుకొన్నాడు. దర్గాలలో జరిగే ఉర్సులను గూర్చి, కవుల గోష్ఠులను గూర్చి, చాందినీచౌక్ సందడిని గూర్చి, గాయకులను, నర్తకులను, వాద్యకారులను పేరు పేరునా పేర్కొని ఎవరి విద్యలో ఏమి విశేషమో పారసీకంలో వ్రాసుకొన్నాడు. అదే 'మురక్కా-ఎ-ఢిల్లీ'.

సదారంగ్ అనే ముద్రతో ఖయాల్ రచనలు చేసిన నిఅమత్ ఖాన్‌ను గూర్చి ఈ నాటి హిందుస్థానీ విద్వాంసులు చెవులు పట్టుకొని తలచుకొంటారు. ఆయనను స్వయంగా విన్న మనిషి వ్రాసిన మాటలు మనకు ఉన్నవంటే దర్గా కులీ ఖాన్ వల్లనే. సితార్ చరిత్రను పరిశోధించేవారు ఢిల్లీలో ఆ వాద్యపు తొలి ప్రస్తావనల కోసం ఈ గ్రంథాన్నే ఆశ్రయిస్తారు. ఆయన సంగీతశాస్త్ర గ్రంథం వ్రాయలేదు. శ్రుతులను లెక్కించలేదు. మెచ్చుకొన్నాడు, కొన్నిచోట్ల పెదవి విరిచాడు, చాలాచోట్ల అతిగా పొగిడాడు. ఈ నాడు కచేరీ నుండి బయటికి వస్తూ రసికుడు చేసేది ఏమిటో సరిగ్గా అదే చేశాడు. ఆయనను అప్పుడు పై అధికారి ఎవరైనా పిలిచి "ఇవన్నీ ఎందుకయ్యా, కార్యక్రమము దిగ్విజయముగా జరిగినదని వ్రాస్తే చాలదా?" అని ఉంటే మన సంగీత చరిత్రలో ఒక అధ్యాయం మొత్తం ఖాళీగా ఉండేది.

అధికారికి ఇటువంటి ఉత్సాహం తగదనీ, ప్రభుత్వ పత్రంలో అభిరుచికి చోటు లేదనీ అనేవారు ఉన్నారు. వారికి 'అయినీ అక్బరీ'ని చూపించాలి. అది పాలనా గ్రంథం. పన్నుల రేట్లు, ఏనుగుల మేత, వంటశాల ఖర్చు, సుబాల ఆదాయం అన్నీ ఉన్న గ్రంథం. నేటి మన పరిభాషలో చెప్పాలంటే మాన్యువలూ గెజెటీరూ కలిసినది. అందులో అబుల్ ఫజల్ అక్బరు కొలువులోని ముప్పై ఆరుగురు సంగీతజ్ఞుల పట్టిక ఇచ్చాడు. ఎవరు ఏ ఊరివారో, గాత్రమో వాద్యమో వ్రాశాడు. గ్వాలియరు వారు అందులో ఎక్కువగా కనబడటం వల్ల ఆ నగరానికి సంగీతంలో ఉన్న స్థానం ఈ నాడు మనకు తెలుస్తున్నది. అంతటితో ఆగలేదు. తాన్‌సేన్ పేరు దగ్గరికి వచ్చేసరికి అటువంటి గాయకుడు గడచిన వెయ్యి సంవత్సరాలలో హిందూదేశంలో పుట్టలేదని వ్రాసివేశాడు. వెయ్యి సంవత్సరాల గాయకులను అబుల్ ఫజల్ ఎక్కడ విన్నాడని ఏ ఆడిట్ అధికారీ అడగలేదు. పాలనా గ్రంథంలో ఒక అభిమాని గుండె చప్పుడు అట్లా నిలిచిపోయింది.

ఇక ఆక్షేపణల సంగతి. పండితులు చెప్పే మొదటి మాట, సామాన్య శ్రోతకు శాస్త్రం తెలియదని. అతడు ఆనందభైరవిని రీతిగౌళ అంటాడు, మిశ్రచాపులో తప్పు చోట చప్పట్లు కొడతాడు, అతడి అభిప్రాయానికి విలువ ఏమిటి? ఈ వాదాన్ని నేను పూర్తిగా త్రోసిపుచ్చను. రాగం పేరు తప్పు చెప్పే శ్రోతలు ఉన్నారు. నేనే ఒకసారి నలుగురిలో బేగడను వేరే ఏదో అని నాలుక కరచుకొన్నాను. కాని చరిత్రలో సాక్షి ఎన్నడూ నిపుణుడై ఉండనక్కరలేదు. యుద్ధాన్ని చూచినవాడు సేనాని కానవసరం లేదు. సాక్షి చెప్పిన దానిలో ఏది నమ్మవచ్చు, ఏది నమ్మరాదు అని తేల్చడం తరువాత వచ్చే పరిశోధకుని పని. పది మంది చెప్పినది పోల్చి చూడడానికి మొదట పది మంది చెప్పినది ఉండాలి గదా. ఒక్కరి మాటా లేనప్పుడు శాస్త్రజ్ఞుడైనా ఏమి పరిష్కరిస్తాడు?

పైగా శాస్త్రానికి కూడ ఈ రసిక స్మృతులే ఆధారమైన సందర్భాలు ఉన్నాయి. ఎట్టయాపురం సంస్థానం నుండి 1904లో తెలుగులో వెలువడిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని శాస్త్రగ్రంథంగానే అందరూ గౌరవిస్తారు. ఆ గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు వాగ్గేయకారుల చరిత్రలను కూడ అందులో చేర్చారు. ముందు తరాల విద్వాంసులు ఎట్లా ఉండేవారు, ఏమి పాడేవారు అన్నది ఆ పుటలలో దొరుకుతుంది. పెద్దలు విని, ఇంట్లో చెప్పుకొని, పిల్లలు గుర్తుంచుకొన్న మాటలు లేకపోతే అటువంటి చరిత్రలను ఎవరూ వ్రాయలేరు. తెలుగులో ముద్రితమైన ఆ గ్రంథాన్ని ఈ నాడు తెలుగువారికంటె తమిళ సోదరులే ఎక్కువగా చదువుతున్నారన్నది వేరే విచారం.

రెండవ ఆక్షేపణ ఈ కాలానిది. ఇప్పుడు ప్రతి కచేరీ చిత్రీకరణ అవుతున్నది గదా, ప్రతి శ్రోత చేతిలోనూ ఫోను ఉన్నది గదా, ఇక మాటలతో ఏమి పని అంటారు. ఇది వినడానికి తర్కబద్ధంగానే ఉన్నది. కాని ధ్వనిముద్రణకు ఇప్పటికి నూట ఇరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర చెప్పే పాఠం వేరు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను ముద్రించినది మొదలు దశాబ్దాల పాటు ఒక్కొక్క పక్కకు సుమారు మూడు నిమిషాలే పట్టే రికార్డులు రాజ్యమేలాయి. ఆ రికార్డులో ఆలాపన కుదించుకొని, చరణం వదలుకొని, చివర తన పేరు చెప్పుకొని గాయకులు సర్దుకొన్నారు. ఆ గాయకులే వేదిక మీద నాలుగు గంటలు పాడేవారు. నాలుగు గంటల ఆ పాట ఎట్లా నడిచేదో, ఎక్కడ మందగించేదో, ఎప్పుడు సభ ఊపిరి బిగబట్టేదో చెప్పగలిగినది విన్నవారు మాత్రమే. మూడు నిమిషాల ముక్కను చూచి ఆ విద్వాంసుని తూచడం, పాసుపోర్టు ఫొటో చూచి మనిషి నడకను వర్ణించడం వంటిది.

ఈ నాడు కాలపరిమితి లేదు, నిజమే. కాని ఫోనులోని ముక్కకు తేదీ ఉండదు, ఊరు ఉండదు, పక్కన వాయించినవారి పేర్లు అసలే ఉండవు. ఆకాశవాణి 1954లో ఆరంభించిన సంగీత సమ్మేళనాలలో ఆహూతులైన శ్రోతలు ఎదుట కూర్చుండగా మహా విద్వాంసులు పాడారు. ఆ ముద్రణలు మనకు దక్కినంత వరకు వాటిలో శ్రోతల చప్పట్లు వినబడతాయి. ఎందుకు కొట్టారో వినబడదు. కొన్నిసార్లు చప్పట్లు కొట్టకుండా ఒక క్షణం ఆగిపోతారు. ఆ నిశ్శబ్దానికి అర్థం ఏమిటో చెప్పే మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మరొక మాట. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వోలేటి వెంకటేశ్వర్లు గారు 1989లో కీర్తిశేషులైనారు. ఆయన గానం ఈ తరానికి చేరడంలో ఆకాశవాణి భాండాగారంతో పాటు రసికుల మధ్య చేతులు మారిన కాసెట్లకు కూడ వాటా ఉన్నది. అటువంటి కాసెట్లు నేను కొన్ని చూశాను. అట్ట మీద నీలి సిరాతో తేదీ, స్థలం, పక్కవాద్యాల వారి పేర్లు, పాడిన అంశాల వరుస, ఒకదాని పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం వేసినవాడు ఏ శాఖలోనూ ఉద్యోగి కాడు. మన దస్త్రంలో లేనిది అతడి అట్ట మీద ఉన్నది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారిని యెహుదీ మెనుహిన్ 1952లో మద్రాసులో విని ముగ్ధుడైనాడని ప్రతి సభలోనూ చెప్పుకొంటాము. చెప్పుకోవలసినదే. కాని నాయుడుగారు విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో ప్రవేశించినది 1919లో. మెనుహిన్ వచ్చే నాటికి ఉత్తరాంధ్రలోని గుమాస్తాలు, ప్లీడర్లు, బడిపంతుళ్ళు మూడు దశాబ్దాలుగా ఆయనను విని తలలూపుతూ ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డలకు చెప్పుకొంటూనే ఉన్నారు. విదేశీయుడు ఒక్కసారి విని అన్నమాట చరిత్ర అయింది. మనవారు ముప్పై ఏళ్ళు విని అన్నమాట గాలిలో కలిసిపోయింది. దీనిలో దోషం మెనుహిన్‌ది కాదు, నాయుడుగారిది అంతకంటె కాదు.

శ్రోత మాట వ్రాతలోకి ఎక్కితే ఏమి జరుగుతుందో పొరుగువారు మనకు చూపించారు. కల్కి కృష్ణమూర్తి 'కర్నాటకం' అనే కలంపేరుతో 'ఆనంద వికటన్'లో కచేరీల ముచ్చట్లు వ్రాసేవారు. అవి శాస్త్ర వ్యాసాలు కావు. విని వచ్చినవాడు మిత్రునితో చెప్పుకొనే ధోరణిలో వ్రాసినవి. వేలాది మంది చదివారు. తాము విన్నదానిని గూర్చి మాట్లాడుకోవడం నేర్చుకొన్నారు. తమకు అర్థమయ్యే భాషలో పాట ఎందుకు ఉండకూడదని 1940 ప్రాంతాలలో తమిళ శ్రోతలు అడగసాగినప్పుడు కల్కి కలం ఆ పక్షాన నిలిచింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమం త్యాగరాజ కృతుల పట్ల చూపిన వైఖరి మనకు నచ్చకపోవచ్చును. నాకూ కొంత నచ్చదు. కాని ఒక శ్రోతృసమాజం నోరు తెరిస్తే ఎంత పని జరుగుతుందో దానివల్ల తెలుస్తున్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగం చేస్తూనే ఢిల్లీ నుండి 'స్టేట్స్‌మన్' పత్రికలో నిర్మొహమాటంగా విమర్శలు వ్రాసిన సుబ్బుడును ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. ఆయన కలానికి భయపడని కళాకారుడు లేడు. ఉద్యోగి అయినవాడు అభిప్రాయం చెప్పరాదనే మన భయానికి ఆయన జీవితమే సమాధానం.

మన సంగతి చూడండి. కర్ణాటక సంగీతంలో పాడే కృతులలో అధికభాగం తెలుగు. పాడేవారిలో అధికసంఖ్యాకులకు తెలుగు మాతృభాష కాదు. నెరవులో సంబోధనను క్రియ నుండి విడదీసి, సమాసాన్ని మధ్యకు నరికి, సగం మాటను తాళానికి బలి ఇచ్చి పాడుతున్నారని మనం లోలోపల బాధపడతాము. నిజానికి ఎంతో శ్రమపడి తెలుగు నేర్చుకొని అర్థం చెడకుండా పాడే తమిళ, కన్నడ, మలయాళ విద్వాంసులు ఉన్నారు. తెలుగు ఇంట పుట్టి కూడ మాటను నమిలి మింగేవారు ఉన్నారు. ఎవరు ఏ కోవకు చెందుతారో ఎవరు చెప్పాలి? గోదావరి తీరంలో టీ దుకాణం దగ్గర నిలబడిన ఆ మాస్టారు చెప్పగలరు. చెబుతున్నారు కూడ. ఆ మాట పాడినవారి చెవిన పడే మార్గం లేదు. డిసెంబరులో మద్రాసు సభలలో ఏ కృతి ఎట్లా పాడారో మరునాటికి పదిచోట్ల చర్చ జరుగుతుంది. మాట విరుపు సరిదిద్దవలసిన తెలుగు శ్రోత మాత్రం ఇంటికి వెళ్ళి దుప్పటి కప్పుకొంటాడు. ఇది సాహిత్యానికి జరుగుతున్న నష్టం. మరెవరో వచ్చి దీనిని పూడ్చరు.

రసికుల పక్షాన ఇంత వాదించాను గనుక వారి లోపాలను దాచడం న్యాయం కాదు. మన అభిమానులు పేరును వింటారు, పాటను తరువాత వింటారు. పెద్ద పేరున్న గాయకుడు శ్రుతి తప్పితే "ఈ రోజు ఆరోగ్యం బాగా లేదట" అని సమర్థిస్తారు. కొత్త గాయని అదే తప్పు చేస్తే "ఇంకా సాధన కావాలి" అంటారు. తనియావర్తనం మొదలు కాగానే కాఫీకి లేస్తారు. ఆ తరువాత వచ్చి మృదంగం అద్భుతం అంటారు. సహవాద్యాల వారి పేర్లు అడిగితే తెల్లముఖం వేస్తారు. "ఆహా, ఏమి పాడాడండీ!" అనే దాని తరువాత రెండవ వాక్యం రాదు. ఈ రెండవ వాక్యం రావడం ఒక అలవాటు. కుద్రత్ రంగిబిరంగి అనే పేరుతో కుమార్ ప్రసాద్ ముఖర్జీ బెంగాలీలో వ్రాసిన జ్ఞాపకాలను చదివితే ఆ అలవాటు పండినప్పుడు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. తాను కూర్చుండి విన్న ఉస్తాదులను గూర్చి, వారి హాస్యం, కోపం, పాట ఎక్కిన క్షణం, దిగిన క్షణం అన్నీ ఆయన వ్రాశారు. తెలుగులో అటువంటి పుస్తకం వ్రాయగలిగినవారు ప్రతి జిల్లాలో ఇద్దరైనా ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు.

మూడవ ఆక్షేపణ మన కార్యాలయాలలో వినవచ్చేది. విమర్శ దస్త్రంలోకి ఎక్కితే కళాకారులు నొచ్చుకొంటారని, ఉత్తరప్రత్యుత్తరాలు పెరుగుతాయని, పై నుండి సంజాయిషీ అడుగుతారని. ఈ భయంలో నిజం ఉన్నది. అయితే ఎవరి గౌరవాన్ని కాపాడుతున్నాము? ముఖ్య అతిథి రాక కోసం గంటన్నర వేదిక మీద తంబురా పట్టుకొని కూర్చున్న విద్వాంసురాలిని నేను చూశాను. ఆ తరువాత నలుగురు ప్రసంగించారు. ఆమెకు మిగిలినది నలభై నిమిషాలు. వర్ణం, ఒక కృతి, మంగళం. దస్త్రంలో వ్రాసినది ఏ వాక్యమో పాఠకులు ఊహించగలరు. ఆమె నొచ్చుకోలేదని మనం అనుకొంటున్నామా? ఆ రోజు హాలులో ఉన్న శ్రోతలు ఏమన్నారో ఒక్క కాగితం మీద ఉండి ఉంటే మరుసటి సంవత్సరం ప్రసంగాలు తగ్గేవేమో. కళాకారుని గౌరవం మన 'దిగ్విజయం'లో లేదు. ఆ మాట ఆమె కచేరీకీ, అంతకు ముందు వారం జరిగిన ఏదో ప్రారంభోత్సవానికీ ఒకే విలువ కట్టింది.

నేను కోరేది పెద్ద పథకం కాదు. కొత్త సంస్థ అక్కరలేదు, సంచాలకుని పదవి అక్కరలేదు, అంచనాలలో కొత్త పద్దు అక్కరలేదు. ప్రభుత్వ ధనంతో జరిగే ప్రతి కచేరీ దస్త్రంలో ఒక్క కాగితం అదనంగా ఉండాలి. దాని మీద పాడిన లేక వాయించిన అంశాలు వరుసగా, రాగ తాళాలతో; సహవాద్యాల వారి పేర్లు; మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, ప్రసంగాలకు పోయిన సమయం వేరుగా. దాని కింద ఆ సభలో కూర్చున్న ఇద్దరు శ్రోతలు తమ మాటలలో, తమ సంతకంతో, తాము విన్నదాన్ని గూర్చి నాలుగు వాక్యాలు. ఒకరు సంగీతం తెలిసినవారు, ఒకరు తెలియనివారు అయితే మరీ మంచిది. అధికారి దానిని దిద్దరాదు. ఏటా ఆ కాగితాలను కలిపి కుట్టించి జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచాలి. మొత్తం ఖర్చు ఒక దస్తా కాగితం.

ఈ పని చేసి చూశాను. ఒక కార్యక్రమం నివేదికకు అటువంటి కాగితం జతపరచి పంపాను. పది రోజుల తరువాత దస్త్రం తిరిగి వచ్చింది. జతపరచిన కాగితం పైన ఎఱ్ఱసిరాతో "అనవసరము, తొలగించవలెను" అని ఉన్నది. తొలగించాను. చింపలేదు. నా దగ్గరే ఉన్నది. ఆ రోజు కచేరీ వీణ. మొదటి సంతకం సంగీతం నేర్పే ఒక అమ్మగారిది. వాదకుడు తోడిలో గాంధారాన్ని మీటకుండా తంతిని లాగి పలికించిన తీరు తనకు చిన్ననాడు గురువుగారి ఇంట విన్నది గుర్తు చేసిందని, కాని తానం తొందరగా ముగించారని వ్రాశారు. రెండవ సంతకం ఆ హాలుకు కాపలా ఉండే అతనిది. తలుపు దగ్గర నిలబడి విన్నానని, ఒకచోట వీణ మరీ మెల్లగా మ్రోగినప్పుడు బయట ఆటో శబ్దం వినబడితే వెళ్ళి ఆ ఆటో అతన్ని ఇంజను ఆపివేయమన్నానని, అతడు కూడ ఆపి లోపలికి వచ్చి చివరి దాకా నిలబడ్డాడని వ్రాయించి సంతకం చేశాడు.